గల్లాపెట్టె ముందర చెప్పని మాట

మార్కాపురం చుట్టుపక్కల నష్టపోయిన వ్యాపారి అనేవాడు ఒక్కడూ లేడని శాస్త్రీయంగా నిరూపించిన ఘనత మన షేక్ షాహజాదీదే. ఏదో నోటిమాటగా నిరూపించలేదు. మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, పెద్దదోర్నాల బజార్లలో కొట్టు కొట్టూ ఎక్కి, చెప్పులరిగేలా తిరిగి, ప్రశ్నపత్రాలు కట్టలకొద్దీ నింపించి మరీ నిరూపించింది. "మీరెప్పుడైనా వ్యాపారంలో నష్టపోయారా?" అన్న ప్రశ్నకు అందరి జవాబూ ఒక్కటే. లేదు. దేవుడి దయ. అల్లా దయ. ప్రభువు కృప. దేవుళ్లు మారారు గానీ జవాబు మారలేదు.

షాహజాదీ అంటే ఎవరో అనుకునేరు. మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెబుతుంది. నలభైకి దగ్గర పడిన మనిషి. స్కూటీ వేసుకుని ఊరంతా తిరుగుతుంది, ఎవరినైనా నిలబెట్టి మాట్లాడుతుంది, ఎదుటివాడు పూర్తి చేయకముందే వాడి వాక్యం తాను పూర్తి చేస్తుంది. నాన్న అబ్దుల్ గఫార్. ఆ పేరు చెబితే ఊళ్లో సగం మందికి తెలియదు, సాంబ్రాణి సాయిబు అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. గురువారం, శుక్రవారం పొద్దున్నే ఒక చేత్తో నిప్పుల పళ్లెం, ఇంకో చేత్తో నెమలీకల కట్ట పట్టుకుని కొట్టు కొట్టుకూ సాంబ్రాణి పొగ వేసి, దువా చదివి పోవడం ఆయన పని. శెట్ల కొట్టయినా సాయిబుల కొట్టయినా ఆయన పొగ పడకుండా ఆ రెండు రోజులూ బేరం మొదలుకాదు.

అలాంటి మనిషి కూతురు వ్యాపారం మీదే డాక్టరేటు చేయాలనుకోవడంలో వింతేముంది? చిన్న ఊళ్లలో కొత్త వ్యాపారాలు ఎలా పుడతాయి, ఎలా నిలబడతాయి, కొత్త ఆలోచన ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పాకుతుంది అన్నది ఆమె అంశం. కాలేజీ ఉద్యోగం చేసుకుంటూనే గుంటూరులో యూనివర్సిటీలో చేరింది. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? "ఏందమ్మా, వ్యాపారానికి జ్వరమొస్తే సూదేస్తావా?" అని ఏడిపించారు. "వేస్తా మామా, ముందు నీ అంగడికే వేస్తా, పండుకోబెట్టు," అనేది.

చేరినప్పుడు ప్రకాశం జిల్లా మొత్తం తిరుగుతానని రాసిచ్చింది. నడిమధ్యలో ప్రభుత్వం జిల్లాలను తిరగగీసింది. కందుకూరు నెల్లూరు వైపు పోయింది, అద్దంకి బాపట్లలో కలిసింది. "నీ జిల్లా సగం ఎగిరిపోయింది గదమ్మా, ఏం చేస్తావు?" అని అడిగింది గైడు మగ్దలీన మేడం. "పోయింది కోస్తా వాళ్ల సగం మేడం. మా పడమటి సగం మాకే ఉంది, ఎవరూ అడగలేదు," అంది షాహజాదీ. మేడం నవ్వి సరేనంది.

అయితే ఈసారి మేడం నవ్వలేదు. ప్రశ్నపత్రాల కట్టలు ముందేసుకుని, ఒక్కొక్కటే తిప్పి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీది మార్కాపురమా, వైకుంఠమా?"

"అదేంటి మేడం?"

"ఒక్కడూ నష్టపోలేదట. ఒక్కడూ కొట్టు మూయలేదట. మరి మీ బజార్లో తుప్పు పట్టిన షట్టర్లు ఎవరివమ్మా, దయ్యాలవా?"

షాహజాదీ కట్టలు తనవైపు లాక్కుని మళ్లీ తిప్పి చూసింది. మేడం చెప్పింది నిజం. కొత్తగా ఏదైనా పెట్టినవాడు పడకుండా ఎలా ఉంటాడు? పడిన సంగతి చెప్పకపోతే, లేచిన సంగతికి విలువేముంది? "ఇది నీకు ఆఖరి పొడిగింపు," అంది మేడం. "ఈ ఎండాకాలం దాటితే నీ రిజిస్ట్రేషన్ రద్దు. ఈ కట్టలు పట్టుకుని పోతే మాత్రం నిన్నూ నన్నూ కలిపి గేటు అవతల నిలబెడతారు. నిజం పట్టుకురా. లేదంటే కామర్సు చెప్పుకుంటూ ఉండిపో."

ఇన్నేళ్ల కష్టం ఒక్క 'లేదు' అనే మాట కింద పడి నలిగిపోతుంటే ఏడుపు రాదా? వచ్చింది. గుంటూరు స్టేషనులో కొళాయి దగ్గర మొహం కడుక్కుని, కంబం వైపు పోయే సాయంత్రం బండి ఎక్కి కిటికీ పక్కన కూలబడింది.

ఆ బండి సంగతి మీకు చెప్పాలి. మన పడమటి ఊళ్ల వ్యాపారులు సరుకు కోసం గుంటూరు పోతే, పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వస్తారు. మూటలు సీట్ల కింద తోసి, చొక్కాల పైగుండీలు విప్పి, మరమరాల పొట్లాలు మధ్యలో పరుచుకుని కూర్చుంటే, నరసరావుపేట వచ్చేసరికి పెట్టెలో అందరూ అన్నదమ్ములైపోతారు. షాహజాదీ వెనక వరసలో అలాంటి గుంపొకటి ఉంది. ఆమె తలమీద కొంగు లాక్కుని కళ్లు మూసుకుంది. వినుకొండ దాటాక వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"నీది ఒక మునగడమా? పొదిలిలో నేను మునిగింది జూస్తే నువ్వు మళ్లా అంగడి ముఖం జూసేటోడివి గాదు."

ఆ గొంతు ఆమెకు తెలుసు. స్టీలు సామాన్ల జగన్నాథం శెట్టిది. మార్కాపురం మెయిన్ బజార్లో పెద్ద కొట్టు. జగన్నాథం చెయ్యి పెడితే మన్ను బంగారమవుతుందని ఊళ్లో సామెతలాగా చెప్పుకునే మనిషి. ఆమె ప్రశ్నపత్రం మీద "దేవుడి దయ" అని అందరికంటే ముందు రాయించినవాడు కూడా ఆయనే.

"బేరమాడే పనే లేని అంగడి పెట్టినా," అంటున్నాడాయన. "ప్రతి గిన్నెకూ ధర చీటీ. మీరే తీసుకోండి, మీరే సంచిలో వేసుకోండి. పట్నంలో చూసొచ్చినా గదా, ఒకటే హుషారు. జనం తిరునాళ్లకొచ్చినట్టు వచ్చినారు. చూసినారు. పోయినారు. ఒక ఆడమనిషి నా మొఖం మీదనే అనింది: 'నాలుగు మాటలు బేరమాడకుండా కొంటే ఆ చెంబు మాదని ఎట్ల అనిపిస్తది శెట్టీ?' అని. ఆ యమ్మ చెప్పింది నాకు ఎక్కడానికి ఏడాది పట్టింది. అప్పటికి అంతా ఊడ్చుకుపోయింది."

"మంచి రేటొస్తే అమ్మేసినావని చెప్పుకున్నారే?" అన్నాడు పక్కనాయన.

"నేనే చెప్పించినా."

షాహజాదీ ఇక ఆగలేకపోయింది. లేచి, వెనక వరసలోకి పోయి, ఆయన ఎదుట నిలబడింది.

"పెదనాయనా! మొన్న నాతో ఏమని రాయించినావు?"

జగన్నాథం మరమరాల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఎవరూ... సాంబ్రాణి సాయిబు పాపా? నువ్వేంది ఈ బండిలో?"

"దేవుడి దయ అని రాయించినావు గదా. పొదిలి ఏంది, మునగడం ఏంది?"

"అది అంగట్లో తల్లీ," అన్నాడాయన, ఇది కూడా తెలియదా అన్నట్టు. "అక్కడ గల్లాపెట్టె ముందర కూర్చోనుంటా. పైన లక్ష్మీదేవి పటం. అక్కడ కూర్చోని నష్టం అనే మాట ఎట్ల అంటాను? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, తథాస్తు అంటే నా గతేంది? మాకు సరుకు లేకపోయినా లేదనం. రేపొస్తదంటాం. మీ నాయన ఇన్నేండ్ల నుంచి పొగేస్తాన్నాడు, ఎప్పుడన్నా గల్లా ముందర నిలబడి 'శెట్టీ, బేరం పడిపోయిందా' అని అడిగినాడా?"

అడగలేదు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగినట్టయింది ఆమె పని. తండ్రి పొగ వేసిన ప్రతి కొట్టులో ఆ మర్యాద చూస్తూనే పెరిగింది. యూనివర్సిటీ ప్రశ్నపత్రం చేతికి రాగానే అదంతా మరిచి, సరాసరి గల్లాపెట్టె ముందు నిలబడి నష్టం గురించి అడిగింది. వాళ్లు అబద్ధమాడలేదు. ఆ చోట అడగరాని ప్రశ్న ఆమె అడిగింది, అంతే.

"అయితే ఇక్కడ అడుగుతా. చెప్తావా?"

"ఇక్కడేముంది, రైలుకు గల్లా ల్యా, పటమూ ల్యా. అడుగు," అన్నాడాయన. పెట్టెలో అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే గిద్దలూరు సంగతి కూడా చెప్పాడు. పెళ్లిళ్లకూ అన్నదానాలకూ వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు, కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే, అక్కడ పెట్టాడట. పోయిన వంట డేగిసా సొట్టలతో తిరిగొచ్చేది, మూత అసలు వచ్చేదే కాదు. ఎవరినీ నిలదీయలేక అదీ మూశాడు. "ఇప్పుడైతే ఎట్ల చెయ్యాలో నాకు బాగా తెలుసు. పాత్రతోపాటు నా మనిషిని పంపాలి. వాడే వడ్డిచ్చే దగ్గర నిలబడాలి, వాడే తోమిచ్చి తేవాలి. పాత్రను గాదు, మనిషిని అద్దెకియ్యాల. ఇంత బుద్ధి వచ్చేలోపల అంగడి పోయింది."

గజ్జెలకొండలో గుంపు కొంచెం పలచబడ్డాక ఆయన గొంతు తగ్గించాడు. "పేరు మాత్రం రాయగూడదు పాపా. ముఖ్యంగా మా శేఖరానికి తెలియగూడదు."

శేఖర్ ఆయన ఒక్కగానొక్క కొడుకు, ఇప్పుడు కొట్టు చూసుకునేది అతనే. "వానికి నేనంటే భలే గురి," అన్నాడు జగన్నాథం. "వాడు ఇప్పుడు అదే అంటున్నాడు, పాత్రలు అద్దెకిద్దామని. రెండేండ్ల నుంచీ అంటున్నాడు. మళ్లా వాడే, 'వద్దులే నాయనా, నువ్వు ఒక్కసారి గూడ జారలేదు, నావల్ల జారితే నీ పరువేం గావాల' అని వెనక్కి తగ్గుతాడు."

"అందుకే చెప్పాల పెదనాయనా!"

"అందుకే చెప్పగూడదు. నేను గూడ జారినోణ్ణే అని తెలిస్తే ఇంక నా మాటకు ఇంట్లో ఇలువేంది? ఒట్టెయ్."

షాహజాదీ ఒట్టేసింది. అప్పటికి ఆమెకు అది చిన్న విషయంగానే కనిపించింది.

ఆ తర్వాత ఆమె పని తీరే మారిపోయింది. ప్రశ్నపత్రాలు బీరువాలో పడేసి, కాలేజీ లేని రోజల్లా ఆ బండి ఎక్కడం మొదలుపెట్టింది. జామకాయలు కోసి, ఉప్పూకారం చల్లి, అందరికీ పంచేది. ఎవరినీ నష్టం గురించి అడిగేది కాదు. ఒకాయన మొదలుపెడితే ఇంకొకాయన, 'నాది విను' అని అందుకునేవాడు. రైలు ఎక్కనివాళ్ల దగ్గర వేరే దారి వెతికింది. దోర్నాల కూడలిలో హోటలు నడిపే వెంకాయమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఎంతసేపు మాట్లాడినా అంతా బాగుందనే అంది. పెరట్లో అంట్ల దగ్గర పక్కన కూర్చుని గిన్నె చేతిలోకి తీసుకోగానే, యాత్రికులకు రాత్రి బస పెట్టబోయి ఎలా దెబ్బతిన్నదో కళ్లనీళ్లతో చెప్పింది. గిద్దలూరు మెకానిక్ ముస్తాక్ అహ్మద్ మరీ ఘటికుడు. ఆటో మీద పిండిమర బిగించి ఊరూరా తిప్పి చేతులు కాల్చుకున్న మనిషి. దుకాణంలో కూర్చున్నంతసేపూ అల్హమ్దులిల్లా తప్ప మాట లేదు. బండి కింద దూరి, మొహం కనబడకుండా పోయాక, అక్కడి నుంచి మొత్తం చెప్పేశాడు.

రాను రాను ఆమెకు ఒక సంగతి తేటతెల్లమైంది. ఈ ఊళ్లలో కొత్త వ్యాపారం ఎలా చేయాలో ఎవరూ బళ్లో నేర్చుకోలేదు. ఒకడు పడినది ఇంకొకడు ఆ రైల్లో విని, ఆ గుంట తప్పించుకుని నడిచాడు. పొదిలిలో ధర చీటీల కొట్టు ఎందుకు పోయిందో విన్న ఒక చెప్పుల కొట్టాయన చీటీ పెట్టి, దాని కిందే బేరానికి చోటు కూడా పెట్టి బాగుపడ్డాడు. కానీ ఇప్పటి కొడుకులు రైలెక్కరు. ఫోన్లో సరుకు చెబుతారు, వ్యాను ఇంటిముందుకు వస్తుంది. వాళ్లకు తండ్రులు కనిపించేది కొట్లోనే, కొట్లో తండ్రులు నష్టం మాట ఎత్తరు. అందుకే తండ్రుల కంటే ఎక్కువ చదువుకున్న కొడుకులు కొత్తదంటే భయపడుతున్నారు. ఇదీ ఆమె థీసిస్. చదివి మగ్దలీన మేడం కుర్చీలోంచి లేచొచ్చి భుజం తట్టింది. గడువు లోపలే థీసిస్ యూనివర్సిటీకి ఇచ్చేశారు. జగన్నాథం కథ ఉన్న అధ్యాయమే దానికి ప్రాణం. ఊరు మార్చింది, సరుకు మార్చింది, కాలం మార్చింది, ఆయన వయసు కూడా మార్చింది.

వైవా తేదీ వచ్చింది. వైవా అంటే పరీక్షకుల ముందు నిలబడి, రాసినదాన్ని నోటితో నిలబెట్టుకోవాలి. ఎవరైనా వచ్చి వినొచ్చు. జగన్నాథం ముందురోజే గఫార్ ఇంటికొచ్చాడు. "నేనూ వస్తా రేపు."

"సంతోషం పెదనాయనా. నా కోసమా?"

"కాపలాకు," అన్నాడాయన. "నోరు జారతావేమో చూసుకోవాల గదా. శేఖరం కారు తీస్తాడు, మీ నాయన్ని గూడ ఎక్కిచ్చుకుందాం."

కాపలా కాసేవాడు ఎవరి నుంచి దాచాలో వాణ్ణే డ్రైవరుగా పెట్టుకుని వచ్చాడు, చూడండి ఆ తెలివి! అలా నలుగురూ కలిసి పొద్దున్నే బయలుదేరారు. దారిపొడవునా శేఖర్, "అక్కా, ఏం భయపడాకు, మా నాయన ఉంటే అంతా శుభమే," అంటూనే ఉన్నాడు.

సెమినారు హాలు చల్లగా ఉంది. వేదిక మీద పొడుగు బల్ల, దాని వెనక ఎత్తు కుర్చీలు, ముందు పేర్ల బోర్డులు. బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు నడుమ కూర్చున్నాడు. గఫార్ ఇస్త్రీ బట్టలు వేసుకుని ముందు వరసలో, తండ్రీకొడుకులు వెనక వరసలో కూర్చున్నారు. షాహజాదీ మొదలుపెట్టడం బ్రహ్మాండంగా మొదలుపెట్టింది. రైలు, జామకాయలు, అంట్ల గిన్నెలు అన్నీ చెప్పింది. విద్యార్థులు నవ్వారు, చప్పట్లు కొట్టారు. పెద్ద ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు.

"మీ మొదటి సర్వేలో ఒక్కరూ నష్టపోలేదు," అన్నాడు. "అదే మనుషులు రైల్లో నష్టపోయామన్నారు. రెండింటిలో రెండోది నిజమని ఎలా నమ్మమంటారు? ప్రయాణంలో కాలక్షేపానికి కోతలు కోసి ఉండొచ్చు గదా. పైగా మీ ముఖ్యమైన వ్యాపారి విషయంలో ఊరు మార్చాను, సరుకు మార్చాను అని మీరే రాశారు. ఇక మిగిలిందేమిటి? ఇది పరిశోధనా, కథా?"

"పరిశోధనే సార్."

"అయితే ఒక్క పేరు చెప్పండి. ఒక్కటి చాలు. ఇప్పుడే ఫోన్ చేసి రూఢి చేసుకుంటాను. లేదంటే ఈ అధ్యాయం తీసేయాలి. ఇది తీసేస్తే మీ థీసిస్‌లో మిగిలేవి అట్టలే."

మగ్దలీన మేడం మొహం పాలిపోయింది. గఫార్ రెండు చేతులూ ఎత్తి పెదాలు కదుపుతున్నాడు. ఆ ఒక్క పేరు గల మనిషి ఇదే గదిలో ఉన్నాడు. వెనక్కి చూస్తే చాలు, అందరూ అటే చూస్తారు. అందుకే చూపు తిప్పలేదు. ఫోన్ అవసరం కూడా లేదు సార్, అదిగో, అంటే పని అయిపోతుంది. డాక్టరేటు వస్తుంది. ఏళ్ల కష్టం గట్టెక్కుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు రాదు, మనిషే గదా.

మింగేసింది.

"చెప్పను సార్," అంది. "మాటిచ్చి తీసుకున్న మాట అది. నేను తప్పితే రేపు ఆ బండిలో నా ముందు ఎవరూ నోరు విప్పరు. నా వెనక వచ్చేవాళ్ల ముందూ విప్పరు. పేరు చెప్పను గానీ, రుజువు చూపిస్తా. ఇక్కడే. మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగొచ్చా?"

ప్రొఫెసరు కనుబొమలు ఎగరేశాడు. "అడగండి."

"మీరు రాసిన వ్యాసాల్లో పనికిరాదని పత్రికలవాళ్లు తిప్పి పంపినవి ఏమైనా ఉన్నాయా సార్?"

ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. ముందున్న పేరు బోర్డు కొంచెం జరిపాడు. మైకు దగ్గరకు లాక్కున్నాడు. "నా వ్యాసాలన్నీ మంచి పత్రికల్లోనే వచ్చాయండీ. ఆ విషయంలో ఎప్పుడూ ఇబ్బంది లేదు. అంతా బాగానే..."

అక్కడ ఆగిపోయాడు.

మొదట కిసుక్కుమన్నది మగ్దలీన మేడమే. తర్వాత విద్యార్థులు, ఆ తర్వాత హాలంతా. ప్రొఫెసరు మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం అంతా అయిపోయిందనిపించింది షాహజాదీకి. పెద్దమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసిందే, ఇక సంతకం పెడతాడా? కానీ ఆయన మైకు కట్టేశాడు. లేచాడు. బల్ల చుట్టూ తిరిగి, వేదిక మెట్లు దిగి, ముందు వరసలో గఫార్ దగ్గరకొచ్చాడు. "ఇక్కడ కూర్చోవచ్చా సాయిబు గారూ?"

గఫార్ కంగారుగా జరిగాడు. ఆయన కూర్చున్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా మొట్టమొదటి థీసిస్ వెనక్కి వచ్చింది," అన్నాడు మైకు లేకుండా. "మళ్లీ మొదటి నుంచి రాసుకోమన్నారు. మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు. ఆ సంవత్సరం కామెర్లు వచ్చి ఆలస్యమైందని చెప్పాను. నిజానికి నాకు చదువు చెప్పింది ఆ వెనక్కి రావడమే. ఆ మాట నా విద్యార్థుల్లో ఒక్కడికీ చెప్పలేదు." షాహజాదీ వైపు తిరిగాడు. "నీ అధ్యాయం ఉండనీయమ్మా. ఒక్క అక్షరం తీయొద్దు."

ఇంకేముంది! లోపలికి పోయి మాట్లాడుకుని వచ్చి, షేక్ షాహజాదీకి డాక్టరేటు ఇవ్వవచ్చని ప్రకటించారు. గఫార్ 'షుకర్ హై' అంటూ కళ్లు ఒత్తుకున్నాడు. మేడం ఆమెను గట్టిగా కౌగిలించుకుంది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. హాలు బయట వరండాలో మైసూర్‌పాకు, కారప్పూస, టీ పెట్టారు.

శేఖర్ ప్లేటు పట్టుకుని తండ్రి పక్కకొచ్చాడు. "నాయనా, ఆ థీసిస్‌లో పెద్దమనిషి ఎవరో గానీ గట్టోడు. రెండుసార్లు మునిగీ లేచినాడంట. అట్లాంటి మనిషి నాకొకడు తెలిసుంటే ఎంత బాగుండు. ఎట్ల లేచినావని అడుగుదును. మనింట్లో నువ్వున్నావు గానీ, నిన్ను అడిగి ఏం లాభం, నువ్వు పడితే గదా!"

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. జగన్నాథం చేతిలో మైసూర్‌పాకు నోటిదాకా పోయి ఆగింది. దాన్ని మళ్లీ ప్లేటులో పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని, ప్రొఫెసరు నిలబడి టీ తాగుతున్న చోటికి పోయాడు.

"సార్, తమరు ఒక్క పేరు అడిగినారు గదా. నా పేరు జగన్నాథం. ఆ అంగడి పొదిలిలో. మంచి రేటొచ్చి అమ్మలేదు. మునిగి మూసినా. గిద్దలూరులో పాత్రల అద్దె అంగడీ నాదే. అదీ మూసినా."

షాహజాదీ పరుగున వచ్చింది. "పెదనాయనా, అయిపోయింది గదా! ఇంక నీ పేరుతో అవసరం ల్యా."

"అవసరానికి ఇచ్చేది చేబదులు తల్లీ. అవసరం తీరినాక ఇచ్చేది చదివింపు. ఉంచుకో," అన్నాడాయన.

శేఖర్ అక్కడే నిలబడిపోయాడు. కోపమో ఏడుపో తెలియని మొహం.

"గిద్దలూరులో... పాత్రలు అద్దెకిచ్చినావా? రెండేండ్ల నుంచి నేను దాని కోసమే గదా కొట్టుకుంటాండేది? నాకెందుకు చెప్పలేదు నాయనా? దినామూ నీ పక్కనే ఉంటిని గదా."

"పక్కనంటే యాడరా?" అన్నాడు జగన్నాథం. "గల్లా పక్కన. నువ్వు నన్ను అక్కడ తప్ప ఇంకోచోట ఎప్పుడన్నా చూసినావా?"

శేఖర్ జేబులోంచి కారు తాళాలు తీసి షాహజాదీ చేతిలో పెట్టాడు.

"అక్కా, నీకు తోలడం వచ్చు గదా. మీ నాయన్ని ఎక్కిచ్చుకుని కార్లో పో. మేమిద్దరం సాయంత్రం బండికి వస్తాం."

"కారు పెట్టుకోని రైలేంది రా?" అన్నాడు జగన్నాథం. "ఆ బండి ప్రతి స్టేషన్లో నిలబడతది. ఊరు చేరేసరికి చానాసేపు పడతది."

"పడనీ నాయనా," అన్నాడు శేఖర్.